మన ట్రంకు పెట్టె మన చేతిలోనే ఉండాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేశారు. "అన్నా, నువ్వు ఎం.సి.ఏ. కదా, కంప్యూటర్ గురించి రాయి" అన్నారు. కంప్యూటర్ వల్ల లాభాలు, నష్టాలు అని నాలుగు పేజీలు రాసి పంపితే వాళ్ళు వేసుకుంటారు. కానీ నా మనసులో చాలా రోజులుగా ఒక మాట ఉంది. మన హాస్టల్ పోగొట్టుకున్న ఒక ఆస్తి గురించి, మళ్ళీ అలా పోకుండా ఏం చేయాలనే దాని గురించి చెప్పాలి. చదివాక మీకు నచ్చకపోతే నాతో వాదించండి. చదవకుండా మాత్రం పేజీ తిప్పకండి.

నేను ఆరో తరగతిలో మొదటిసారి హాస్టల్‌కు వెళ్ళేటప్పుడు మా నాయన సంతలో ఒక రేకు ట్రంకు పెట్టె కొన్నాడు. నాయన మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ కూలికి పోతుంది. ఇద్దరికీ చదువు రాదు. అయినా అమ్మ నా కుల ధ్రువీకరణ పత్రం, టి.సి. జిరాక్సులు రెండేసి తీయించింది. ఒకటి పెట్టెలో పెట్టింది, ఇంకొకటి మా మేనమామ ఇంట్లో దాచింది. "తాళం ఉంది కదమ్మా, మామ దగ్గర ఎందుకు?" అని అడిగాను. "తాళం దొంగకు గానీ చెదలకా బిడ్డా?" అంది. ఇప్పుడు నేను చదువుతున్న పుస్తకాల్లో ఈ మాటనే బ్యాకప్ అంటారు. మా అమ్మకు ఆ పదం తెలియదు, ఆ పని తెలుసు.

డిగ్రీలో ఈ హాస్టల్‌కు వచ్చాను. మన కామన్ హాల్‌లో మూలన ఒక పాత కంప్యూటర్ ఉండేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం వచ్చిన సీనియర్లు చందాలు వేసుకొని ఇచ్చిన కంప్యూటర్ అది. దాంట్లో సినిమాలు ఉండేవి, నిజమే. కానీ "నోట్సులు" అని ఒక ఫోల్డర్ కూడా ఉండేది. తెలుగు మీడియం వాళ్ళకు బజారులో సరైన పుస్తకాలు దొరకవని సీనియర్లు తమ చేతిరాత నోట్సులను ఒక్కో పేజీ ఫోన్‌తో ఫోటో తీసి దాంట్లో పెట్టారు. పాత ప్రశ్నపత్రాలు, గ్రూప్స్‌కు చదివినవాళ్ళ సంక్షిప్త నోట్సులు, బ్యాంకు పరీక్షల లెక్కలు, ఇంటర్వ్యూలో ఏం అడిగారో రాసిపెట్టిన కాగితాలు అన్నీ అందులో ఉండేవి. కోచింగ్‌కు డబ్బులేని మనకు అదే కోచింగ్ సెంటర్.

అందులో అందరూ వెతికేది ఒక అన్న రాసిన అర్థశాస్త్రం నోట్సు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత ఉండదు. ఆ అన్న 2021లో కరోనా రెండో వేవ్‌లో చనిపోయాడు. పేరు రాయను, అప్పటివాళ్ళకు తెలుసు.

2022 వానాకాలంలో ఒక రాత్రి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. తెల్లారి కంప్యూటర్ ఆన్ చేస్తే హార్డ్ డిస్కు నుంచి టిక్ టిక్ అని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. రిపేరు షాపుకు తీసుకెళ్ళాం. "హైదరాబాద్ పంపాలి, వేలల్లో అవుతుంది, వస్తుందని గ్యారంటీ లేదు" అన్నాడు. రూముకు యాభై చొప్పున వసూలు చేశాం. సరిపోలేదు. తర్వాత పరీక్షలు వచ్చాయి. ఆ డిస్కు ఎవరి పెట్టెలో పడిందో ఎవరికీ తెలియదు.

పోయిన సంవత్సరం పాత మిత్రులను కలవడానికి హాస్టల్‌కు వచ్చాను. కొత్తగా చేరిన ఒక తమ్ముడు నా దగ్గరకు వచ్చి, "అన్నా, మా అన్న నోట్సు ఇక్కడ కంప్యూటర్‌లో ఉందంట కదా, ఒకసారి చూపిస్తవా?" అన్నాడు. ఆ చనిపోయిన అన్న సొంత తమ్ముడు. ఇంట్లో ఉన్న కాగితాలు ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లలో కలిసిపోయాయట. నేను ఏం చెప్పాలి? "డిస్కు పోయింది తమ్ముడూ" అన్నాను. ఆ రోజు మెస్‌లో అన్నం సహించలేదు.

ఒక్క ఓడలో అన్నీ పెట్టరాదు

తప్పు కరెంటుది కాదు, డిస్కుదీ కాదు. ప్రతి హార్డ్ డిస్కు ఏదో ఒకరోజు పోయేదే. అన్నీ ఒక్క చోట, ఒక్క ప్రతిగా పెట్టుకోవడమే మన తప్పు.

మనందరికీ దారి చూపిన బాబాసాహెబ్ అంబేద్కర్‌కు కూడా ఈ నష్టం జరిగింది. 1917లో ఆయన లండన్‌లో చదువు మధ్యలో ఆపి స్వదేశానికి తిరిగి రావాల్సి వచ్చింది. కడుపు మాడ్చుకొని కొనుక్కున్న పుస్తకాలను వేరే ఓడలో పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఆయన బతికి వచ్చారు, పుస్తకాలు సముద్రంలో కలిశాయి. ఆయన మళ్ళీ కొన్నారు, మళ్ళీ లండన్ వెళ్ళి చదివారు. కానీ ఆ రోజుల్లో పుస్తకాలకు రెండో ప్రతి చేసుకునే మార్గమే లేదు. మనకు ఉంది. ఉండి కూడా చేసుకోకపోతే అది మన సోమరితనం.

చెదలు పట్టని లెక్క

ఇక అసలు విషయానికి వస్తాను. డిస్కు అంటే ఒక గోడౌన్ అనుకోండి. ఏ వస్తువు ఏ అరలో ఉందో రాసుకునే స్టోర్ రిజిస్టరే ఫైల్ సిస్టం. రిజిస్టర్ సరిగా లేకపోతే గోడౌన్ నిండా బియ్యం ఉన్నా వంటమనిషికి దొరకదు.

మనం మామూలుగా వాడే కంప్యూటర్లలో విండోస్ అయితే ఎన్.టి.ఎఫ్.ఎస్., లైనక్స్ అయితే ఎక్కువగా ఈ.ఎక్స్.టి.4 అనే ఫైల్ సిస్టం ఉంటుంది. మంచివే. కానీ వాటిలో ఒక లోటు ఉంది. డిస్కులో ఒక అక్షరం తనంతట తాను చెడిపోతే, డిస్కు ఆ విషయం చెప్పకపోతే, అవి కనిపెట్టలేవు. చెడిన దాన్నే మంచిదని మన చేతికి ఇస్తాయి. మా అమ్మ చెప్పిన చెదలు ఇదే. పైకి తాళం బాగానే ఉంటుంది, లోపల కాగితం పోతుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే జెడ్.ఎఫ్.ఎస్. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అనే ఇంజనీర్లు 2001లో దీని పని మొదలుపెట్టారు. ఇది పనిచేసే పద్ధతిని మా నాయన పనితో చెప్తాను. మార్కెట్ యార్డులో బస్తా కాంటా వేస్తారు. తూకం పుస్తకంలో రాస్తారు. బస్తా లారీ దిగాక మళ్ళీ కాంటా వేస్తారు. లెక్క తేడా వస్తే దారిలో కారిందని తెలిసిపోతుంది. ఆ తూకం బస్తా లోపల రాసిపెడితే లాభం లేదు, వేరే పుస్తకంలో ఉండాలి. జెడ్.ఎఫ్.ఎస్. కూడా ప్రతి సమాచార ముక్కకు ఒక లెక్క కట్టి, దాన్ని ఆ ముక్కతో కాకుండా దానిని చూపించే పై పేజీలో రాస్తుంది. దీన్నే చెక్‌సమ్ అంటారు. చదివిన ప్రతిసారీ లెక్క సరిచూస్తుంది. రెండు డిస్కుల్లో ఒకే సమాచారాన్ని జంటగా పెట్టుకుంటే, ఒకదాంట్లో చెడినది రెండోదాని నుంచి తెచ్చి తనే సరిచేస్తుంది. ఒక్క డిస్కే ఉంటే చెడిందని చెప్పగలదు గానీ సాధారణంగా బాగుచేయలేదు. అందుకే రెండు కావాలి.

రెండో గుణం మన హాస్టళ్ళకు ఇంకా ముఖ్యం. మంచి గుమాస్తా పాత లెక్కను చెరిపి దానిమీదే కొత్తది రాయడు. కొత్త పేజీలో పూర్తిగా రాసి, ఆ తర్వాతే విషయసూచికలో పేజీ నంబరు మారుస్తాడు. మధ్యలో కరెంటు పోతే కొత్త పేజీ సగంలో ఆగుతుంది, పాత పేజీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. జెడ్.ఎఫ్.ఎస్. రాసే పద్ధతి ఇదే. పాత పేజీలను పారేయకుండా ఒక తేదీతో కట్టకట్టి ఉంచుకోవచ్చు కూడా. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. ఎవరైనా జూనియర్ పొరపాటున ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసినా నిన్నటి కట్ట నుంచి తిరిగి తీసుకోవచ్చు.

దయ వేరు, హక్కు వేరు

"ఇంత మంచిదైతే లక్షలు ఉంటుంది కదా" అని మీరు అనవచ్చు. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది.

సన్ కంపెనీ 2005లో జెడ్.ఎఫ్.ఎస్. మూల కోడును ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటపెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని రాసిచ్చింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కంపెనీ కొన్నది. అదే సంవత్సరం కొత్త కోడును బయటకు ఇవ్వడం ఆపేసింది. అప్పటికి అది ఆ కంపెనీ దయ మాత్రమే అయివుంటే కథ అంతటితో ముగిసేది. కానీ ముందు ఇచ్చింది లైసెన్సు మీద రాసి ఇచ్చినది. రాసిచ్చిన హక్కును వెనక్కు తీసుకోవడానికి వీల్లేదు. ఆ పాత కోడును పట్టుకొనే 2010లో ఇల్యుమోస్ అనే ప్రాజెక్టు పుట్టింది. 2013లో వేర్వేరు చోట్ల పనిచేస్తున్నవాళ్ళంతా ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. పేరుతో ఒక్కటయ్యారు. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌తో లైనక్స్‌కు, ఫ్రీ.బి.ఎస్.డి.కి ఒకే కోడు అయింది. అమ్మేసిన కంపెనీ పోయింది, కొన్న కంపెనీ తలుపు మూసింది, అయినా ఆ పని ఈనాటికీ బతికే ఉంది.

తమ్ముళ్ళారా, ఈ కథ మనకు కొత్తది కాదు. "మీకేం, అన్నీ ఫ్రీ" అనే మాట డిగ్రీలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో తల దించుకునేవాణ్ణి. మనం తింటున్న అన్నం, మనకు వచ్చే స్కాలర్‌షిప్ ఎవరో జాలిపడి వేసిన భిక్ష కాదు, పోరాడి రాయించుకున్న హక్కు అని అర్థమయ్యాక తల ఎత్తాను. ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటే రెండు అర్థాలకు వాడతారు. మన తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో తెలుగువాళ్ళు నడుపుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. ఉచితంగా ఇచ్చినవాడు రేపు ఆపేయవచ్చు. స్వేచ్ఛను రాసిచ్చాక ఆపలేడు.

దీనికి ఎదురుగా ఇంకో అనుభవం చెప్తాను. నేను చదివిన ఒక కాలేజీ వాళ్ళు విద్యార్థులకు మెయిల్ ఖాతాలు ఇచ్చారు. బోలెడంత చోటు ఉందని నా ప్రాజెక్టు ఫైళ్ళన్నీ అందులో పెట్టుకున్నాను. చదువు ముగిసిన కొన్నాళ్ళకు ఖాతా మూసేశారు. ముందే చెప్పామన్నారు. ఆ కబురు వచ్చింది కూడా ఆ మెయిల్‌కే, నేను చూడలేదు. నా తప్పూ ఉంది. కానీ పెట్టె వాళ్ళది, తాళం వాళ్ళది అయినప్పుడు సామాను మనదని ఎంత చెప్పుకుంటే ఏం లాభం?

విద్యార్థులు మొదలుపెట్టినవే

ఒక కంప్యూటర్‌లో డిస్కులు పెట్టి, దాన్ని నెట్‌వర్క్‌లో కలిపి, అందరూ తమ ఫోన్ల నుంచి, ల్యాప్‌టాప్‌ల నుంచి వాడుకునేలా చేస్తే దాన్ని నెట్‌వర్క్ స్టోరేజ్ సర్వర్ అంటారు. నాస్ అని పొట్టిగా పిలుస్తారు. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. ఒక వైఫై రౌటర్ ఉంటే చాలు. మన డేటా ప్యాక్ ఖర్చు కాదు.

విండోస్ కంప్యూటర్లు ఇలాంటి సర్వర్‌తో మాట్లాడడానికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా. మన ఇడ్లీ సాంబారు కాదు! ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చదువుతున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1991 చివర్లో తన అవసరం కోసం దీన్ని మొదలుపెట్టాడు. అదే సంవత్సరం ఫిన్లాండ్‌లో 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. ఇద్దరూ విద్యార్థులే. నాస్ సర్వర్‌ను సులభంగా నడిపించే ఫ్రీనాస్‌ను 2005లో ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే కొషార్ లాబే మొదలుపెట్టాడు. 2020 నుంచి దాని పేరు ట్రూనాస్. తక్కువ శక్తి ఉన్న పాత కంప్యూటర్లకు ఓపెన్ మీడియా వాల్ట్ అనేది ఉంది. మన పక్కనే ఉన్న బెంగళూరులో కూర్చొని మన దేశపు ఇంజనీర్లు పనిచేసిన గ్లస్టర్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ కంపెనీని 2011లో రెడ్ హ్యాట్ కొన్నది. ఇది మనకు అందని విద్య కాదని చెప్పడానికే ఇవన్నీ రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను, నా ఇద్దరు రూమ్‌మేట్లు ఒక ఆఫీసులో తీసిపారేసిన కంప్యూటర్‌ను పాత ఇనుము ధరకు కొన్నాం. సెకండ్ హ్యాండ్ ర్యామ్ వేసి 8 జీబీ చేశాం. డిస్కులు మాత్రం రెండు కొత్తవి కొన్నాం, ఒక్కోటి 1 టీబీ. ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. జంటగా పెట్టాం. మొదటి రోజు రాలేదు, రెండో రోజు రాలేదు. మూడో రోజు పని చేసింది. ఫైళ్ళు కాపీ అవుతుండగానే కావాలని ప్లగ్ పీకేశాను. మళ్ళీ ఆన్ చేస్తే మధ్యలో ఉన్న ఒక్క ఫైల్ తప్ప అన్నీ భద్రంగా ఉన్నాయి. తర్వాత ఒక డిస్కు వైరు తీసేశాను. ఒక డిస్కు లేదని హెచ్చరిస్తూనే రెండోదాని నుంచి అన్నీ ఇచ్చింది. ఆ రోజు 2022 నాటి టిక్ టిక్ చప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు మన దగ్గర ఇది ఉండి ఉంటే!

నాకు ఎదురుగా చెప్పే మాటలు

"అందరికీ ఫోన్లు ఉన్నాయి, గూగుల్ డ్రైవ్ ఉంది, ఇదంతా ఎందుకు?" అని ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా అందులోనే లెక్క. అంతకు మించి, ఖాతా ఒక మనిషి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి హాస్టల్ వదిలిపోతే, పాస్‌వర్డ్ మరిచిపోతే, చనిపోతే అందులోవి ఎవరికి చేరతాయి? హాస్టల్ ఆస్తి హాస్టల్ పేరు మీదే ఉండాలి. డ్రైవ్‌ను వద్దనను. మూడో ప్రతిగా పెట్టుకుందాం.

"ఎవరు చూసుకుంటారు?" అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. నిజం చెప్పాలంటే ఇదే అసలు కష్టం. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టం గానీ శ్రమ కట్టాలి. నెలకోసారి డిస్కు మొత్తం లెక్క సరిచూసుకోవాలి, దుమ్ము దులపాలి, అప్‌డేట్లు వేయాలి. మెస్ కమిటీ ఉన్నట్టే దీనికీ ఏడాదికి ముగ్గురితో కమిటీ ఉండాలి. ఆ ముగ్గురు నేర్చుకునేదే రేపు లైనక్స్ అడ్మిన్ ఉద్యోగానికి మొదటి మెట్టు అవుతుంది.

ఇంకో నిజం కూడా దాచను. జంట డిస్కులు ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. పెట్టెతో సహా దొంగ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. పిడుగు పడితే రెండూ పోతాయి. అందుకే ఇంకో ప్రతి వేరే ఊళ్ళో ఉండాలి. మా మేనమామ ఇల్లులాగా. జెడ్.ఎఫ్.ఎస్.లో స్నాప్‌షాట్‌ను ఇంకో డిస్కుకు పంపే సౌకర్యం ఉంది. మారినంత మేరకే పంపుతుంది కాబట్టి నెలకోసారి పెద్ద పని కాదు. లైసెన్సు చిక్కు కూడా ఒకటుంది. జెడ్.ఎఫ్.ఎస్. లైసెన్సు, లైనక్స్ లైసెన్సు ఒకదానితో ఒకటి పొసగవని చాలామంది వాదన. అందుకే అది లైనక్స్ కెర్నెల్‌లో భాగం కాలేదు, విడిగా కలుపుకోవాలి. ఉబుంటు మాత్రం 2016 నుంచి తనతోపాటే ఇస్తోంది. వాడుకునే మనకు ఇబ్బంది లేదు.

నా ప్రతిపాదన

పూర్వ విద్యార్థులైన అన్నలకు చేతులు జోడించి ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికి ఫ్లెక్సీలకు, శాలువాలకు, మెమెంటోలకు మీరు ఎంతో ఖర్చు పెడుతున్నారు. మీ ప్రేమను తప్పు పట్టడం లేదు. ఈ ఒక్క ఏడాది ఆ డబ్బుతో మూడు డిస్కులు, ఒక చిన్న యూపీఎస్ కొనివ్వండి. కంప్యూటర్ నేను తెస్తాను, నేనే వచ్చి పెడతాను. వార్డెన్ సార్ కామన్ హాల్‌లో ఒక మూల, ఒక ప్లగ్ పాయింట్ ఇప్పిస్తే చాలు.

డిస్కుల కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీ పాత పెట్టెలు తెరవండి. అటకల మీద వెతకండి. మీ చేతిరాత నోట్సు, పాత ప్రశ్నపత్రం, హాస్టల్ ముందు దిగిన ఫోటో ఏది దొరికినా తెచ్చి ఇవ్వండి. సర్టిఫికెట్లు, ఆధార్ వంటి సొంత కాగితాలు మాత్రం అందరూ చూసే చోట పెట్టవద్దు, ఎవరివి వాళ్ళకే కనిపించేలా వేరే ఫోల్డర్లు చేద్దాం.

ముఖ్యంగా 2019, 2020 ప్రాంతంలో మన కామన్ హాల్ కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకో, పాత ఫోన్ మెమరీ కార్డులోకో "నోట్సులు" ఫోల్డర్ కాపీ చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కసారి వెతకండి. ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న అర్థశాస్త్రం నోట్సు, పది పేజీలు దొరికినా చాలు. ఇక్కడ ఒక తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. దొరికితే ఈసారి మూడు చోట్ల పెడదాం.

మన ఇళ్ళల్లో మనమే మొదటి పట్టభద్రులం. మన తాతలు ఏం ఆలోచించారో, ఏం బాధపడ్డారో రాసిన కాగితం ఒక్కటి కూడా మన దగ్గర లేదు. వాళ్ళను రాయనివ్వలేదు. మనం రాస్తున్నాం. రాసింది పోగొట్టుకుంటే ఆ తప్పు మాత్రం ఇంకొకరి మీద వేయలేం.

జై భీమ్!

— పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. ద్వితీయ సంవత్సరం